పది కిలోల నాలుగు వందల గ్రాముల షేరు

ఎర్విన్ మోసర్ ముప్పై ఎనిమిదేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఎమ్మె లోయలో ఏ దుకాణంలో అడుగుపెట్టినా ఆయన చూపు ముందు మనిషి మీద కాక తక్కెడ మీద పడేది. రిటైరై ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు. లాంగ్నౌ సంతలో బంగాళాదుంపలు కొంటే ఇంటికి తెచ్చి మళ్లీ తూచుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక దొరకలేదనేవాడు. తీరిక దొరికే ఉంటుందనీ, ముల్లు ఎటు మొగ్గుతుందో తేలేదాకా నిలబడి చూసే మనిషి కాబట్టి చూస్తూనే ఉండిపోయాడనీ ఊళ్లో అనుకునేవారు.

గురువారం సాయంత్రాలు స్టేషను ఎదుటి హోటల్లో ఆయనకు యాస్ పేకాట. ఆటకు నలుగురు కావాలి. ఎర్విన్‌కు జోడీ క్లారా లూతి. ఎదుటి జోడీ నిక్లౌస్ స్టాల్డర్, అతని భార్య రోస్‌మరీ. నిక్లౌస్ రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైనవాడు. క్లారా భర్త పోయాక పై వీధిలోని చీజు దుకాణాన్ని పదిహేనేళ్లు ఒంటిచేత్తో నడిపి, మోకాళ్లు మొరాయించడంతో మూసేసింది. ఇంకా ఆ దుకాణం మీది మేడలోనే ఉంటోంది.

పదకొండేళ్లుగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నా, మిగతా అందరూ 'నువ్వు' అనుకుంటున్నా, ఎర్విన్, క్లారా మాత్రం ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకునేవారు. ఆయన సంచీ పట్టుకుని ఆమె దుకాణానికి తనిఖీకి వచ్చిన రోజుల నాటి 'మీరు' అది. ఒక ఏడాది ఆమె తక్కెడ కిలోకి ఎనిమిది గ్రాములు తేడాగా ఉందని కనిపెట్టాడు. తేడా కొనేవాళ్లకే లాభం. అయినా ఊరుకోలేదు, సరిచేయించి ముద్ర వేసి వెళ్లాడు. ఊరందరి నోటి దగ్గరి నుంచి ఎనిమిదేసి గ్రాముల చీజు లాక్కున్న మహానుభావుడని క్లారా ఇప్పటికీ అంటూ ఉంటుంది.

నవంబరులో ఒక గురువారం నిక్లౌస్ పత్రిక పట్టుకొచ్చి ఒక చిన్న వార్త చదివి వినిపించాడు. దేశానికి నోట్లు అచ్చువేసే జాతీయ బ్యాంకు షేరు కూడా అందరి షేర్లలాగే బజారులో దొరుకుతుందట. మొత్తం లక్ష షేర్లు. ఒక్కొక్కటి ఐదు వేల ఫ్రాంకులకు అటూ ఇటూ. బ్యాంకు దగ్గరున్న బంగారం వెయ్యి నలభై టన్నులు.

మిగతా ముగ్గురూ విని పేక కలపమన్నారు. ఎర్విన్ మాత్రం బీరు గ్లాసు కింది అట్ట తిరగేసి పెన్సిలు తీశాడు. వెయ్యి నలభై టన్నులను లక్ష షేర్లకు పంచితే షేరుకు పది కిలోల నాలుగు వందల గ్రాములు. కిలో బంగారం ధర యాభై నాలుగు వేలు. అంటే ఐదు లక్షల అరవై వేల బంగారాన్ని ఐదు వేలకు అమ్ముతున్నారు. ఆయన మూడుసార్లు భాగించాడు, మూడుసార్లూ అంతే వచ్చింది. ఆ పూట ఆటలో రెండో పెద్ద ముక్కయిన తురుఫు తొమ్మిది చేతిలో పెట్టుకుని కూడా ఆట పోగొట్టాడు. క్లారా ఆయన ముఖం వైపు చూసి, జ్వరమేమైనా తగిలిందా అని అడిగింది.

జ్వరమే. ఆయన పొదుపు ఖాతాలో అరవై వేల ఫ్రాంకులు పడి ఉన్నాయి. పదేళ్లుగా వాటికి వడ్డీ అన్నది ఎలా ఉంటుందో తెలియదు. ఆ రాత్రి నుంచి ఎర్విన్ బ్యాంకును తూచడం మొదలుపెట్టాడు. వార్షిక నివేదిక తెప్పించాడు. అందులో విదేశీ కాగితాలు, బాండ్లు, పెద్ద పెద్ద కంపెనీల షేర్లు కోట్ల మీద కోట్లు ఉన్నాయి. అవన్నీ లెక్కేస్తే షేరుకు తొంభై లక్షల ఆస్తి తేలేట్టుంది. కాని ఆయన కాగితాన్ని నమ్మే మనిషి కాదు, ఆ పేజీలన్నీ తిప్పేశాడు. బంగారం ఒక్కటి చాలనుకున్నాడు.

మరుసటి గురువారం ఈ సంగతి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాతి గురువారం కూడా పెట్టాడు. ఈ అవకాశాన్ని జూరిక్ ఘనాపాఠీలెవరూ పట్టించుకోకపోవడానికి కారణం, వాళ్లలో ఒక్కడికీ తూచడం రాకపోవడమేనని తేల్చేశాడు. రోస్‌మరీ ఊలు అల్లుకుంటూ కూర్చుంది. క్లారా ముక్కలు సర్దుకుంటూ, మధ్యమధ్య 'అవునా', 'ఆహా' అంటూ వింది. పూర్తిగా కరిగిపోయింది నిక్లౌస్ ఒక్కడే. తన దగ్గర రొక్కం లేదు కాని తూన్ సరస్సు ఒడ్డున క్యాంపు మైదానంలో వేసవికి ఉండే చక్రాల ఇల్లు, ఒక కారవాన్ ఉంది, దాన్ని అమ్మితే మూడు షేర్లు రావూ అని అడిగాడు. కారవాన్‌లో పది కిలోల బంగారం ఉంటే ఉంచుకోమన్నాడు ఎర్విన్.

మూడో గురువారం ఆట ముగిసి కోట్లు తొడుక్కుంటున్నప్పుడు క్లారా నెమ్మదిగా అడిగింది.

"మోసర్ గారూ, ఆ బ్యాంకు చట్టం చదివారా?"

"చట్టం దేనికి లూతి గారూ? బరువు చూశానుగా."

"బరువు చూసి కొనడానికి అదేమన్నా నా దుకాణమా? చివర్లో లాభం ఎవరెవరికి పంచాలో రాసి ఉంటుంది, అది చదవండి. అద్దాలు పెట్టుకుని మరీ చదవండి."

ఇదంతా ఆమెకెలా తెలుసని ఆయన అడిగాడు. తన తండ్రి వదిలి వెళ్లిన షేరు ఒకటి ముప్పై ఏళ్లుగా తన దగ్గరే ఉందని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. మూడు గురువారాలు ఆయన చేసిన ఉపన్యాసమంతా షేరున్న మనిషి ఎదుట చేశాడన్నమాట. చెవులు ఎర్రబడ్డాయి. డిసెంబరు చలికి అనుకుందామంటే ఆయన ఇంకా హోటలు లోపలే ఉన్నాడు.

శుక్రవారం రాత్రి వంటింటి బల్ల మీద చట్టం పరచుకుని చదివాడు. ఏడాదికి బ్యాంకు ఎన్ని వేల కోట్లు లాభం తెచ్చినా, షేరుదారుకు ముఖవిలువలో నూటికి ఆరు మించి ఇవ్వరు. ముఖవిలువ రెండు వందల యాభై. అంటే ఏడాదికి పదిహేను ఫ్రాంకులు. అందులోంచి కూడా పన్ను కింద ముందే ఐదు చిల్లర కోసుకుంటారు, తర్వాత దరఖాస్తు పెట్టి తిరిగి తెచ్చుకోవాలి. మిగతాదంతా దేశానికీ రాష్ట్రాలకూ పోతుంది. పోనీ, బ్యాంకే ఎత్తేస్తే? అప్పుడు షేరుదారు చేతిలో ఆ రెండు వందల యాభై, దాని మీద కాస్త వడ్డీ పెట్టి పంపిస్తారు. బంగారం ఊసే లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. ఆ అల్లుడు తానే అయ్యేవాడని ఎర్విన్‌కు అర్థమైంది.

కాఫీ చల్లారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నిక్లౌస్ కారవాన్. శనివారం ఉదయమే బేరగాళ్లు వస్తున్నారని చెప్పాడు.

తెల్లారగానే ఫోను చేశాడు, ఎవరూ ఎత్తలేదు. నిక్లౌస్ చేతిఫోను బ్యాటరీ అరిగిపోతుందని ఎప్పుడూ కట్టేసి ఉంచుతాడు. ఎర్విన్ మొదటి రైలెక్కి, కొనోల్‌ఫింగెన్‌లో మారి, తూన్‌లో దిగి, బస్సుకోసం ఆగే ఓపికలేక సరస్సు ఒడ్డు వెంట సగం దూరం పరుగులాంటి నడకతో వెళ్లాడు. మంచు కరిగి మైదానమంతా బురద. ఆయన చేరేసరికి ఒక కుర్ర జంట తమ కారు వెనక కారవాన్ తగిలించుకుని గేటు దాటుతోంది. నిక్లౌస్ ఒక చేత్తో కవరు పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ, బిడ్డను అత్తారింటికి పంపుతున్నవాడిలా నిలబడి ఉన్నాడు. కవరులో పద్నాలుగు వేలు.

ఎర్విన్ ఆయాసపడుతూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పదిహేను ఫ్రాంకుల సంగతి, చివరికి చేతికొచ్చే రెండు వందల యాభై సంగతి, తన తూకం తప్పిన సంగతి. నిక్లౌస్ కారవాన్ ఉన్న చోట మిగిలిన పసుపుపచ్చ గడ్డివంకే చూశాడు.

"ఏమోయ్, నిన్న చెప్పుంటే సరిపోయేదిగా," అన్నాడు.

అంతలో వెనకనుంచి రోస్‌మరీ వచ్చింది. ఎర్విన్ తిట్లకు సిద్ధపడి తల వంచాడు. ఆమె ఆయన రెండు బుగ్గలూ పట్టుకుని, కుడివైపొకటి, ఎడమవైపొకటి, మళ్లీ కుడివైపొకటి ముద్దు పెట్టింది.

"ఇరవై రెండు వేసవులు ఆ రేకు డబ్బాలో దోమలతో కాపురం చేశాను ఎర్విన్. అమ్మెయ్యి మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు ఈ మనిషి. నువ్వు బంగారం అన్నావు, నెల తిరక్కుండా అమ్మేశాడు. లెక్క తప్పితే తప్పిందిలే."

కవరు అప్పటికే ఆమె చేతి సంచీలోకి వెళ్లిపోయింది. అది ఏ బ్యాంకు గుమ్మమూ తొక్కదనీ, వచ్చే వేసవిలో గోడలూ పైకప్పూ ఉన్న హోటల్లో సముద్రం చూస్తామనీ అక్కడే ప్రకటించింది. నిక్లౌస్ మాత్రం రెండు గురువారాలు ఎర్విన్‌తో పేకముక్కల గురించి తప్ప మాట్లాడలేదు.

చేసిన తప్పును కాగితం మీద సరిదిద్దకపోతే ఎర్విన్‌కు నిద్రపట్టదు. క్రిస్మస్ సెలవులన్నీ కూర్చుని పదకొండు పేజీల నివేదిక రాశాడు. జనవరిలో రెండో గురువారం, ఆట మొదలుకాకముందు, అద్దాలు పెట్టుకుని చదివాడు. ఐదు వేలు పెడితే ఏడాదికి పదిహేను, నూటికి ముప్పై సెంట్లు. పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి మూడు వందల ముప్పై మూడేళ్లు. సగానికి పైగా షేర్లు రాష్ట్రాల చేతిలో, వాటి బ్యాంకుల చేతిలో ఉన్నాయి. మామూలు మనిషి ఎన్ని కొన్నా నూరు ఓట్లకు మించి వేయలేడు. ఐదేళ్ల కిందట ఇదే షేరు తొమ్మిది వేలు దాటింది, ఎందుకు దాటిందో కొన్నవాళ్లకే తెలియదు. పైగా నిన్నగాక మొన్న బ్యాంకు ప్రకటించింది, పోయిన ఏడాది నష్టం పదమూడు వేల కోట్ల ఫ్రాంకులకు పైచిలుకు, కనుక ఈసారి ఆ పదిహేను కూడా లేవు. తీర్పు: కొనదగదు.

"మూడు వందల ముప్పై మూడేళ్లా?" అంది రోస్‌మరీ. "పర్లేదు, ఎర్విన్‌కి తొందరెప్పుడుందిలే."

క్లారా పదకొండు పేజీలూ తీసుకుని తిరగేసింది. చేతిరాత బాగుందని మెచ్చుకుంది. తూకం సరిగ్గా ఉందని కూడా ఒప్పుకుంది. అప్పుడు ఎర్విన్, ఇంత పనికిరాని షేరును ఆమె ముప్పై ఏళ్లుగా ఎందుకు ఉంచుకుందని అడిగాడు. కాస్త అధికారి గొంతుతోనే అడిగాడు.

ఆమె తండ్రి గుర్రపు జీన్లు కుట్టేవాడు. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాక పని తగ్గింది. అయినా ఎప్పుడో ఒక మంచి ఏడాది మిగిలిన సొమ్ముతో ఆ ఒక్క షేరు కొన్నాడు. ఏటా ఏప్రిల్లో ముదురు నీలం కోటు వేసుకుని షేరుదారుల సభకు బెర్న్ వెళ్లేవాడు. అక్కడ నోరు విప్పేవాడు కాదు. సాయంత్రం వచ్చి, ఈ ఏడు కూడా బ్యాంకు సరిగానే నడుస్తోందని భార్యకు చెప్పి, బూట్లు విప్పుకునేవాడు. ఆయన పోయాక క్లారా వెళ్తోంది.

"దుకాణం ఉన్నప్పుడు ఏడాదికి అదొక్కటే నాకు సెలవు," అంది. "ఆ పూట ఎవరూ నన్ను మూడొందల గ్రాములు కోసివ్వమనరు. పేరున్న కార్డిచ్చి, 'రండి లూతి గారూ' అని లోపలికి పిలుస్తారు. మీ పదకొండు పేజీల్లో దానికి గడి లేదు మోసర్ గారూ."

పోయిన ఏడు ఆ హాలు మెట్ల మీద మోకాలు పట్టేసిందనీ, ఈసారి వెళ్లగలనో లేదో తెలియదనీ కూడా అంది. ఎవరినైనా తోడు తీసుకెళ్లవచ్చు కదా అని రోస్‌మరీ అడిగింది. వీల్లేదు, పుస్తకంలో పేరెక్కిన షేరుదారులకే ప్రవేశమని క్లారా చెప్పింది. ముక్కలు పంచారు. ఆ రోజు ఎర్విన్ తురుఫు చెప్పడం రెండుసార్లు మర్చిపోయాడు.

శుక్రవారం తొమ్మిది గంటలకు, తలుపు తీస్తూండగానే, ఆయన తన బ్యాంకు శాఖలో నిలబడి ఉన్నాడు. జాతీయ బ్యాంకు షేరు కావాలన్నాడు. కౌంటరులోని అమ్మాయి ఎన్ని అని అడిగింది. ఒకటి అన్నాడు. ఆమె మర్యాదగా ఒక మాట చెప్పాలనుకుంది, ఈ షేరు రాబడి కోసం కొనేవాళ్లకు అంతగా... ఎర్విన్ చెయ్యెత్తి ఆపాడు. ఆ విషయం మీద తాను పదకొండు పేజీలు రాశాననీ, కొనదగదని స్వయంగా తేల్చాననీ, అయినా ఒకటి ఇమ్మనీ అన్నాడు. అమ్మాయి కొనుగోలు కాగితం అచ్చు తీసింది. కమిషనుతో కలిపి ఐదు వేలు దాటింది. పేరు పుస్తకంలో ఎక్కించడానికి కాగితాలు నింపి, ఏప్రిల్‌లోపు ఎక్కుతుందా అని రెండుసార్లు నిలదీసి, సంతకం పెట్టి బయటికొచ్చాడు. జీవితంలో మొదటిసారి తక్కువ తూగుతుందని తెలిసీ పూర్తి ధర ఇచ్చాడు. వీధిలో తనలో తానే నవ్వుకోవడం రొట్టెల దుకాణం ఆవిడ చూసింది.

ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ చివర్లో సభ రోజు ఉదయం క్లారా నీలం కోటులో లాంగ్నౌ స్టేషనుకు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఎర్విన్ బూడిదరంగు సూటు వేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ప్రవేశపు కార్డు. దాన్ని పైకి పట్టుకుని చూపించాడు, నిక్లౌస్‌కు ఒకప్పుడు ప్రయాణికులు టిక్కెట్టు చూపించినట్టు.

క్లారా కార్డు తీసుకుని చదివింది. తిరగేసి వెనక కూడా చూసింది.

"కొనదగదని రాశారుగా?"

"కొనదగదు," అన్నాడు ఎర్విన్. "మెట్ల సంగతి మీరు తర్వాత చెప్పారు."

బెర్న్‌లో మెట్ల దగ్గర ఆయన మోచెయ్యి ఇచ్చాడు, ఆమె పట్టుకుంది. హాలు నిండా నెరిసిన తలలు. వాటి మధ్య, ఒక్కొక్క షేరు కొనుక్కుని వచ్చిన కుర్రవాళ్లు, బ్యాంకు చమురు కంపెనీల్లో సొమ్మెందుకు పెట్టిందన్న ప్రశ్నలు రాసుకుని సిద్ధంగా ఉన్నారు. వేదిక మీద నష్టం అంకె చదివారు, డివిడెండు లేదన్నారు. ఎవరూ అరవలేదు. పక్కాయన ఒక్కసారి ముక్కు చీదాడు.

ప్రశ్నల వంతు రాగానే ఎర్విన్ లేచాడు. క్లారా ఆయన కోటు అంచు పట్టి లాగింది. ముప్పై ఏళ్లలో ఆమె ఎన్నడూ చెయ్యెత్తలేదు, ఆమె తండ్రీ ఎత్తలేదు. ఆయన అప్పటికే నడిచి వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు.

"ఎర్విన్ మోసర్, లాంగ్నౌ. షేరు ఒకటి. నివేదికలో బంగారం వెయ్యి నలభై టన్నులని రాశారు. నేను ముప్పై ఎనిమిదేళ్లు తక్కెడలకు ముద్రలు వేసినవాణ్ని. నాకు తెలియాల్సింది ఒకటే. దాన్ని తూచిన తక్కెడను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?"

హాలంతా నవ్వింది. వెక్కిరింతగా కాదు, ఉక్కపోసిన గదిలో కిటికీ తెరిచినట్టు. చమురు ప్రశ్నలవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. వేదిక మీద ఇద్దరు తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకున్నారు. అందులో ఒకాయన, ఈ ప్రశ్న తాను మొదటిసారి వింటున్నాననీ, మంచి ప్రశ్ననీ, జవాబు లిఖితపూర్వకంగా పంపుతామనీ చెప్పాడు. ఎర్విన్ కృతజ్ఞతలు చెప్పి, తీరిగ్గా తన కుర్చీకి వచ్చాడు. క్లారా రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు తేలలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

సభ అయ్యాక షేరుదారులకు చిన్న విందు. చీజు ముక్కలు, ఎండబెట్టిన మాంసం, తెల్ల వైను. ఎర్విన్ చీజు ముక్క ఒకటి అరచేతిలో పెట్టి ఇరవై గ్రాములుంటుందన్నాడు. ఇరవై రెండు అంది క్లారా, నలభై ఏళ్లు కోసిన చెయ్యి తనది. ఆ తర్వాత ఆమె గ్లాసు ఎత్తింది.

"ఇంక చాలు మోసర్ గారూ. నా పేరు క్లారా."

ఆయన కూడా గ్లాసు ఎత్తాడు. "ఎర్విన్," అన్నాడు, ఆమెకు పదకొండేళ్లుగా తెలిసిన పేరునే కొత్తగా చెబుతూ. గ్లాసులు తగిలాయి. "మీకు ఇంకో ముక్క..." అని మొదలుపెట్టి, ఆగి, "నీకు ఇంకో ముక్క తెమ్మంటావా?" అన్నాడు. ఆ 'నీకు' నోటికి కొత్త బూటులా కరిచింది. తెమ్మంది ఆమె.

రైల్లో వస్తూ, ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది నీ పెట్టుబడి అని క్లారా అడిగింది. షేరు జనవరి నుంచి నాలుగు వందలు పడిపోయిందనీ, కమిషను వేరేననీ, తిరిగి వచ్చింది మూడు గ్లాసుల వైను, చీజు, మాంసం కలిపి నలభై ఫ్రాంకులకు మించదనీ ఎర్విన్ నిజాయితీగా చెప్పాడు.

"అయితే అమ్మేస్తావా?"

"ఎలా అమ్ముతాను? వచ్చే ఏప్రిల్‌కు పుస్తకంలో పేరుండాలిగా."

జూన్‌లో బ్యాంకు నుంచి రెండు పేజీల ఉత్తరం వచ్చింది. ఎర్విన్ దాన్ని గురువారం బల్ల దగ్గర చదివాడు. జవాబు తృప్తికరమన్నాడు, ఆయన నోట అంత మాట వినడం అరుదు. నిక్లౌస్ అప్పటికి సముద్రం చూసొచ్చి నల్లబడి ఉన్నాడు. గోడలున్న హోటలు బాగానే ఉందని పెళ్లాం లేనప్పుడు ఒప్పుకున్నాడు కూడా.

ఆ వేసవి ఎర్విన్ పై వీధి మేడ మెట్లు చాలాసార్లు ఎక్కాడు. సెప్టెంబరులో ఇంకో లెక్క వేశాడు. ఈసారి పెళ్లి. పెళ్లి చేసుకుంటే ఇద్దరి ప్రభుత్వ పింఛనూ కలిపి ఒకటిన్నర పింఛనుకు దిగిపోతుంది. విడిగా ఉంటే రెండు పూర్తి పింఛన్లు, కాని రెండు అద్దెలు. పెళ్లి లేకుండా ఒకే ఇంట్లో ఉంటే రెండు పింఛన్లు, ఒకే అద్దె. ఆ సంగతిని చాలా జాగ్రత్తగా, కళ్లెత్తకుండా, కాగితం చూస్తూ చెప్పాడు.

క్లారా చివరిదాకా విని, తూకం సరిగ్గానే ఉంది, పడగ్గదిలో కిటికీ వైపు చోటు మాత్రం నాది అంది.

అక్టోబరు మొదటి శనివారం ఆయన సామాను మారింది. బల్లలు, కుర్చీలు నిక్లౌస్ అద్దె వ్యానులో తెచ్చాడు. ఉద్యోగకాలం నాటి ఇత్తడి తూనికరాళ్ల పెట్టెను మాత్రం ఎర్విన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. తానే మోసుకుంటూ, మధ్యలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ, పై వీధి ఎక్కాడు. క్లారా కిటికీలోంచి చూస్తూ, తొందరేం లేదు, మెల్లగా రమ్మని కేకేసింది.